మరదలి మీద నేను వేసిన నింద

కిందటి నెల కేసముద్రంలో ఒక పెళ్లి విందులో, మొగుళ్లపల్లి నుంచి వచ్చిన ఇద్దరు నా పక్కనే కూర్చుని మా తమ్ముడి మాటెత్తారు. "పెండ్లాం పోరు వడలేక పాయె పాపం" అని ఒకరంటే రెండోవాడు తలాడించాడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, జైల్లో నా కింద పనిచేసిన వార్డరు. అతను తన ప్రాణం తీసుకుని చాలా ఏళ్లయింది. భార్య పోరన్న ఆ మాటను మొదట కాగితం మీద పెట్టినవాణ్ణి నేనే.

మా తరం జైలు ఉద్యోగులకు గుర్తుండే ఉంటుంది. ఖైదీ ఎవడైనా అన్నం ముట్టక గోడవైపు తిరిగి పడుకుంటే, వాణ్ణి ఒంటరిగా వదలకుండా పక్కన మరో ఖైదీని ఉంచి, గంటగంటకూ చూసి రిజిస్టరులో రాసేవాళ్లం. అదే మా మనిషి డీలా పడితే, కాస్త విశ్రాంతి దొరుకుతుందని వాచ్ టవర్ మీద ఒంటరి డ్యూటీ వేసేవాళ్లం. మాకు తెలిసిన దయ అంతే.

తమ్ముడు ఒకనాడు గేటు దగ్గర నా పక్కన నిలబడి, "అన్నా, నిద్ర వడ్తలేదే, బతుకబుద్ధయితలేదు. దవాఖానకు పోత, జర సెలవియ్యి" అన్నాడు. మనసు డాక్టరు దగ్గరికి పోయినవాడికి మళ్లీ తాళంచెవులు ఎవరిస్తారని నవ్వి, "ఖైదీలు నవ్వుతర్రా, టవరెక్కి గాలి పీల్చు" అన్నాను. నెలంతా అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే పోయాడు.

విచారణకు వచ్చిన అధికారికి, ఇంట్లో గొడవలని రాసిచ్చాను. ఆ గొడవలు నేను చూసినవి కావు, విన్నవీ కావు. సెలవు అడిగిన సంగతి మాత్రం రాయలేదు. నా ఉద్యోగం నిలిచింది. ఆ మాట ఊళ్లోకి పాకి, అతని భార్యకు, అంటే నా మరదలికి, అయినవాళ్ల పెళ్లిళ్లకు కూడా పిలుపు రాకుండా పోయింది.

విందు మర్నాడే మొగుళ్లపల్లి పోయి, మిర్చి తొడిమలు తీస్తున్న మరదలి ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆమె తలెత్తకుండా విని, "నాకెందుకు జెప్తున్నవ్ బావా, నా ఇంట్ల లొల్లి లేదని నాకు తెల్వదా? గా మాట నమ్మినోళ్లకు జెప్పు. దమ్ము లేకుంటే చాయ్ తాగి పో" అంది.

చాయ్ తాగలేదు. ఆమె అత్తగారి తరఫు పెద్దలను పిలిపించి, వాళ్ల ముందు మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఇప్పుడెందుకు తవ్వుతున్నావని ఒకాయన కసిరాడు. మీరు ఈమెను అనడం మానలేదు గనుక అన్నాను. పై కార్యాలయానికీ అదే నా సంతకంతో రాసి పంపాను. ప్రమోషన్ ముందర ఈ పిచ్చిపని ఏమిటని మిత్రులు భయపెడుతున్నారు. పోతే పోనీ. మనిషి అలా పోవడానికి ఒక్కటే కారణం ఉండదని డాక్టర్లంటారు, నిజమే కావచ్చు. అంతమాత్రాన నా నవ్వును దాచి, లేని గొడవను చూపించే హక్కు నాకెవరిచ్చారు?

ఇప్పుడు మా దగ్గరికి సిబ్బంది కోసమే మనసు డాక్టరు వస్తున్నారు. మొదట్లో ఎవరూ చూడకుండా పోయి కలిసిన మావాళ్లు, ఈమధ్య యూనిఫాంలోనే వరుసలో నిలబడి, "ఎంతసేపు మాట్లాడ్తవే, మాకు లెవ్వా పరేషాన్లు?" అని లోపలున్నవాణ్ణి తిడుతున్నారు. తమ్ముడిది పెద్ద నోరు. ఆ వరుసలో ఉంటే అందరికన్నా గట్టిగా తిట్టేవాడు.