తాత అరచేతులు

మొన్న సాయంత్రం మురుంగపాక్కంలో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడి ఉండగా, పని ముగించుకుని వెళ్తున్న పనిమనిషి, కాపలావాడు అడగకముందే తన సంచీ తెరిచి చూపించింది. వాడు తొంగిచూసి తల ఊపాడు, ఆమె వెళ్ళిపోయింది. జరిగింది అంతే, కానీ ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు.

మా అమ్మను కన్న తాత గుర్తొచ్చాడు. ఆయన ఊరవతల ఒక ముందిరి తోటలో, అదే జీడిమామిడి తోటలో, వెట్టివాడి కడుపున వెట్టివాడిగానే పుట్టాడు. కూతుర్ని మాత్రం టౌనులో మిల్లు కూలీకిచ్చి ఎట్లాగో బయటపడేశాడట. నాకు ఊహ తెలిశాక సర్కారువాళ్ళు జీపులో వచ్చి తోటవాళ్ళందరినీ విడిపిస్తే, తాత మా ఇంటికి చేరాడు. ఇక ఆయన కష్టాలు గట్టెక్కాయనుకున్నాం. మన ఈడువాళ్ళం అప్పట్లో అట్లాంటివి సులువుగా నమ్మేవాళ్ళం కదా.

తోటలో ఒక ఆనవాయితీ ఉండేదట. పొద్దుగూకాక గుడిసెలకు పోనిచ్చే ముందు, కూలీలమీద పెత్తనం చేసే కంగాణి ప్రతివాడి అరచేతులూ పెదవులూ చూసేవాడు. ఆకలికి తాళలేక పచ్చి జీడిపిక్క కొరికినవాడిని దాని సొనే పట్టిస్తుంది, పెదవులు బొబ్బలెక్కుతాయి. బొబ్బ కనిపిస్తే ఏం చేసేవారో తాత చెప్పలేదు, ఆయన వీపు చూశాక మేమూ అడగలేదు. మా ఇంటికొచ్చాక కూడా, సాయంత్రం బయటినుంచి రాగానే గడప ముందు ఆగి, చేతులు చాచి, నోరు తెరిచి నిలబడేవాడు. ఎవరో ఒకరు చూసి సరే అంటేనే లోపలికి అడుగుపెట్టేవాడు.

అమ్మకు అది ప్రాణసంకటం. తన నాయన తన ఇంట్లోకి ఒక్కసారైనా మనిషిలా నడిచి రావాలన్నదే ఆమె కోరిక. ఒకనాడు పట్టుబట్టి, ఎవరూ వాకిట్లోకి పోవద్దని మమ్మల్ని కట్టడి చేసి, తలుపు బార్లా తెరిచి వంటింట్లో కూర్చుంది. బయట ఐప్పసి నెల వాన, అదే మన ఆశ్వయుజ కార్తీకాల ముసురు. తాత చూరు కింద తడుస్తూ, చలికి దవడలు అదురుతున్నా నోరు మూయకుండా, చేతులు చాచే ఉన్నాడు. చివరికి ఆయనే పిలిచాడు.

“ఒక్కసారి చూసేయమ్మా, చలేస్తా ఉండాది. నేనేం తినలా.”

అమ్మ ఏడుస్తూ పరుగున వచ్చి, ఆ నోట్లోకి చూసి, “ఏం లేదు నాయినా, లోపలికి రా” అంది. ఆ తర్వాత ఆయన పోయేదాకా రోజూ చూసింది. కన్న తండ్రికి తానే కంగాణినయ్యానని కుమిలిపోయేది. ఆయన పోయిననాడు నోట్లో బియ్యం వేయబోతే దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. చుట్టాలు ఇదేం అపశకునమంటుంటే, ఇన్నాళ్ళకు మూసుకున్నాడు, వదిలేయండని అమ్మ అందరినీ ఆపింది.

ఇప్పుడా తోట లేదు, ఆ నేలంతా మేడలు లేచాయి, కాలం మారిందని మనం కూర్చుని చెప్పుకుంటూనే ఉంటాం. నిన్న సాయంత్రం కాపలావాడు టీకి పోయినట్టున్నాడు, గేటు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. పనిమనిషి వచ్చి, పెద్దవాణ్ణి కదా అని కాబోలు, నా ముందు సంచీ తెరిచి పట్టుకుంది. అక్కర్లేదని తల తిప్పుకున్నాను. నేను చూసి సరే అనేదాకా ఆమె అక్కణ్ణుంచి కదలలేదు.