మలేషియా హోటల్లో చూపులు

ఆ శుక్రవారం మామా తన బల్ల దగ్గరే కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నప్పుడు నేను కుర్చీ అంచునే కూర్చున్నాను. మామా అంటే మా యజమానురాలు. ఇళ్లల్లో పనిచేసే మేమంతా అలాగే పిలుస్తాం. ఈ అరబ్బు దేశం వచ్చి జాబ్రియాలో ఆవిడ ఇంట్లో చేరి నాలుగేళ్లయింది. ఎప్పుడు బయట తిండికి వెళ్లినా నేను ఆవిడ పాపను తీసుకుని పక్క బల్ల దగ్గర కూర్చునేదాన్ని. వాళ్లు తిన్నాక నాకు పొట్లం కట్టించేవారు. అదేమీ తప్పనిపించేది కాదు. ఇలా పక్కన కూర్చోబెడితేనే నాకు అనుమానం.

హోటలు కూడా తేడాగా ఉంది. సిటీలో బాగా పేరున్న మలేషియా హోటలది. చవక, పళ్లెం నిండా పెడతారు. డ్రైవర్లు, నర్సులు, నమాజు నుంచి నేరుగా వచ్చినవాళ్లు అంతా గుమ్మం దాటి వరుసలో నిలబడతారు. ఎప్పుడూ పెద్ద పెద్ద చోట్లకే వెళ్లే మామాకి ఇక్కడేం పని?

పక్క వీధి ఇంట్లో పనిచేసే పాలకొల్లు వదిన చెప్పింది గుర్తొచ్చింది. "నిన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి తినిపించారంటే కొత్త మామా చూపులకి వత్తందనే లెక్క. నన్నలాగే పంపేశారు. మా మామా నా ఇఖామా కార్డు ఆ కొత్త మామా చేతిలో పెట్టి యల్లా, ఇక నడు అనేసింది."

అంతలో కొత్త మామా రానే వచ్చింది. ఒంటినిండా కప్పిన నల్ల అబాయా, వెంట అయిదేళ్ల పిల్లాడు. నాకెదురుగా కూర్చుని నన్నే చూడసాగింది. నా పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ నన్నంతసేపు చూడలేదు.

కారణం నాకు తెలుసనుకున్నాను. మా చెల్లి ఫహాహీల్లో ఒక ఇంట్లో చేస్తోంది. రెండు కాపురాల పని దానొక్కదాని మీదే పడింది, ఫోను వారానికోసారి చేతికిస్తారు. దాన్ని ఎవరైనా మంచివాళ్ల ఇంటికి మార్పించమని ఆర్నెల్లుగా మామా ప్రాణం తీస్తున్నాను. అడిగినప్పుడల్లా "ఇన్షాల్లా" అనేది, దేవుడు తలిస్తే చూద్దామని. విసుగెత్తి నన్నే వదిలించుకుంటోందన్నమాట. నేను వెళ్లిపోతే చెల్లి గురించి అడిగే దిక్కెవరు? ఈవిడ నన్ను వద్దనేలా చేయాలి, అంతే.

పళ్లెం వచ్చింది. కొబ్బరిపాలతో వండిన అన్నం, వేయించిన వేరుశనగ గుళ్లు, ఎర్రటి కారం, పక్కన కరకరలాడే ఎండు నెత్తళ్లు. నెత్తళ్ల వాసనకి మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నట్టే అనిపించి నోరూరింది. మొహం చిట్లించి పళ్లెం పక్కకి తోశాను.

"మీ అమ్మ వంట బాగా నేర్పిందా?" అని ఆవిడ నెమ్మదిగా అరబీలో అడిగింది.

"నేర్పలేదు."

"పిల్లలంటే ఇష్టమేనా?"

"తలనొప్పి," అన్నాను.

మామా మొహం కందగడ్డయింది. పిల్లాడు టీ గ్లాసు దొర్లించాడు. టీ ఆవిడ అబాయా మీదికి కారుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత మా పాప ఎప్పట్లాగే నోరు తెరుచుకుని ముద్ద కోసం నా దగ్గరికొచ్చింది. నేను తలతిప్పుకున్నాను. అది కాసేపు అలాగే నిలబడి వాళ్లమ్మ దగ్గరికి పోయింది. ఆ ఒక్కటీ చేయకుండా ఉండాల్సింది.

ఆవిడ సగంలోనే లేచి వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను.

కారు కదిలాక మామా మొదలుపెట్టింది. "ఏమైంది నీకివాళ? ఆమె మా పిన్ని కూతురు. నీలాంటి మనిషి కావాలని ఏడాదిగా వెతుకుతోంది. నీ చెల్లి ఉందని చెప్పాను. అక్కని చూస్తే చెల్లి తెలుస్తుంది, పక్కన కూర్చోబెట్టి చూపించు అంది. మీవాళ్లు రోజూ తినేలాంటి తిండి దొరుకుతుందని ఈ చోటు నేనే చెప్పాను."

"ముందే చెప్పొచ్చుగా మామా?" అన్నాను.

"చెబితే నటిస్తావని ఆమె చెప్పొద్దంది. ఇప్పుడు ఖలాస్. వేరే ఎవరినో చూసుకుంటుందట."

ఇల్లు చేరేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. పాప నా ఒళ్లోనే నిద్రపోయింది. మామా అద్దంలో రెండుసార్లు నా వైపు చూసింది.

చెల్లి ఇంకా ఫహాహీల్లోనే ఉంది. ఆ రోజు జరిగింది దానికి ఇప్పటికీ చెప్పలేదు. మర్నాడే దాని ఫోనొచ్చింది.

"అక్కా, మీ మామా ఏమన్నా అందా?"

"ఇన్షాల్లా అందే," అన్నాను.

"పోన్లే అక్కా, లేదనలేదుగా. నువ్వున్నావు కాబట్టి నాకు దిగుల్లేదు. అడుగుతా ఉండు."