కాశీరావు పద్ధతి

కాశీరావుకు పాత కంప్యూటర్ల పిచ్చి ఉండేది. పిచ్చి అన్న మాట నేను ముద్దుకు అనడం లేదు. విజయవాడ కృష్ణలంకలో రెండు గదుల అద్దె ఇల్లు, అందులో పదకొండు కంప్యూటర్లు. బియ్యం డబ్బా మీద మానిటరు, మానిటరు మీద పచ్చడి జాడీ పెట్టుకుని కాపురం చేసింది అతని భార్య సన్యాసమ్మ. నేను వెళ్ళినప్పుడల్లా, "మాస్టారూ, మీరన్నా చెప్పండి. ఈ ఇల్లు మాకా, ఆ డొక్కులకా?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. అతను తల ఊపేవాడు. మరుసటి ఆదివారానికి పన్నెండోది వచ్చేది.

గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. నా పేరు ఉదయభాస్కర్. కాశీరావు అదే కాలేజీలో కంప్యూటర్ ల్యాబులో పనిచేసేవాడు. సొంతూరు బందరు పక్కన గిలకలదిండి. తండ్రి పడవ మీద చేపల వేటకెళ్ళేవాడు, తల్లి రావమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో తిరిగేది. కాశీరావు ఐటీఐ చదివి విజయవాడ వచ్చాడు. చిన్నప్పుడు వలలు బాగుచేసిన వేళ్ళు కాబట్టి సన్నపని ఎంతసేపైనా విసుగు లేకుండా చేసేవాడు.

తొంభైల్లో మా కాలేజీలాంటివన్నీ రెండేళ్ళకోసారి కొత్త మోడళ్ళు తెచ్చి, పాతవాటిని మెట్ల కింద పడేసేవి. అక్కడ ఎలుకలు కాపురం పెట్టాక కాశీరావు అడిగి తెచ్చుకునేవాడు. బ్యాటరీ కారి పాడైన బోర్డును నిమ్మరసంతో, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో గంటలకొద్దీ తోమేవాడు. కీబోర్డు మీటలన్నీ ఊడబెరికి కుంకుడురసంలో నానేసి చేటలో ఎండబెట్టేవాడు. ఆరు నెలలు కుస్తీపట్టి ఒక చచ్చిన కంప్యూటరును లేపి, తెర మీద పచ్చటి అక్షరాలు రాగానే కాలేజీకి పరుగెత్తుకొచ్చి, క్లాసులో ఉన్న నన్ను కిటికీలోంచి పిలిచాడు. పిల్లలంతా నవ్వారు. నేను తిట్టాను. సాయంత్రం వెళ్ళి చూశాను.

ఆదివారం పొద్దున్నే గవర్నర్‌పేటలో మూసి ఉన్న షాపుల అరుగుల మీద ఇలాంటి వాళ్ళు నలుగురైదుగురు చేరేవారు. వస్తువుకు వస్తువే మారకం. వాళ్ళందరికీ కాశీరావు గురువు. వాళ్ళలో హనుమాన్ జంక్షన్లో పార్సిల్ ఆఫీసు నడిపే దుర్గాప్రసాద్‌కైతే కాశీరావు ఎంత చెబితే అంత.

కాశీరావుకు ఒక పద్ధతి ఉండేది. కంప్యూటరు చెయ్యి మారే ముందు దాని హార్డ్ డిస్కును ఈ కొస నుంచి ఆ కొస దాకా సున్నాలు రాసి తుడిచేయాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. ఫైళ్ళు చెరిపేస్తే చాలదా అని నేను అడిగాను. చెరిపినవాటిని తెలిసినవాడు వెనక్కి లాగగలడట. సున్నాలు రాస్తే మాత్రం దేవుడు కూడా లాగలేడట. ఆ తర్వాత పెట్టెను తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టి, అప్పుడు ఇవ్వాలి.

"మా నాన్న పడవ అమ్మేటప్పుడు అంతేనండి," అని చెప్పాడు. "తాడు ముక్క కూడా ఉంచేవోడు కాదు. పసుపునీళ్ళతో కడిగి, పేరు గీకేసి, అప్పుడు తెడ్డు చేతికిచ్చేవోడు. పాతోళ్ళ సంగతులు కొత్తోళ్ళకి తగలకూడదండి."

తుడవకుండా డిస్కు ఇచ్చినవాడితో అతను మళ్ళీ మారకం చేసేవాడు కాదు. అందుకని అరుగు మీద అందరూ ఆ పద్ధతే నేర్చుకున్నారు.

కాశీరావుకు ఒక్కతే కూతురు, సత్యశ్రీ. తండ్రి పిచ్చిలో సగం ఆ పిల్లకూ అంటింది. కాశీరావు రాత ఎవరికీ అర్థమయ్యేది కాదు కాబట్టి, ఏ కంప్యూటరు ఎక్కడ దొరికింది, ఏం బాగుచేశారు, ఎవరికిచ్చారు అన్నది ఒక లాంగ్ నోటుబుక్కులో ఆ పిల్లే రాసేది. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో పేజీ.

తొంభై ఎనిమిదిలో కాశీరావుకు ఎక్కడో గొంతు రికార్డు చేసే సౌండ్ కార్డు ఒకటి దొరికింది. దాన్ని తన ఫోర్ ఎయిటీ సిక్స్ కంప్యూటర్లో బిగించి, మైకు తగిలించి, పదేళ్ళ కూతుర్ని ఏదైనా మాట్లాడమన్నాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. ఆ పిల్ల నెత్తిన గంప ఉన్నట్టు చెయ్యి పెట్టుకుని, అచ్చం నాయనమ్మ రావమ్మ చేపలమ్మే గొంతుతో ఎత్తుకుంది. "మదర్‌బోర్డులమ్మా, మదర్‌బోర్డులు! ఇప్పుడే వలలోంచి తీసిన మదర్‌బోర్డులు! కంపు కొట్టవు తల్లీ, కరెంటు కొడతాయి!" సన్యాసమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చి గుమ్మంలోనే కూలబడి నవ్వింది. ఆ కంప్యూటరు ఒక నిమిషం కంటే ఎక్కువ పట్టేది కాదు. చివర్లో ఆ పిల్ల కూడా పక్కున నవ్వుతుండగా రికార్డింగు ఆగిపోయింది.

మరుసటి ఏడాది దుర్గాప్రసాద్‌కు గుడివాడ వైపు ఒక బడిలో వింత వస్తువు దొరికింది. ఎనభైల్లో సర్కారు బళ్ళకిచ్చిన చిన్న కంప్యూటరు, కీబోర్డులోనే ప్రాణమంతా ఉండే రకం. కాశీరావు మూడేళ్ళుగా దానికోసం వెతుకుతున్నాడు. బదులుగా దుర్గాప్రసాద్ ఆ ఫోర్ ఎయిటీ సిక్సే కావాలన్నాడు. కాశీరావు ఒప్పుకున్నాడు. సత్యశ్రీ ఒకరోజు మూతి ముడుచుకుని, తర్వాత తనే వచ్చి, డిస్కు నేను తుడుస్తానంది. తుడిచి, "అయిపోయింది నాన్నా" అంది. కాశీరావు బొట్టు పెట్టి పంపేశాడు.

రెండువేల రెండు ఆగస్టులో ఆ పిల్లకు మెదడువాపు జ్వరం వచ్చింది. ఐదు రోజులు. పద్నాలుగేళ్ళ పిల్ల. అంతకుమించి ఆ సంగతి నేను రాయలేను.

ఆ తర్వాత కాశీరావు స్క్రూడ్రైవరు పట్టుకోలేదు. ఆదివారాలు అరుగు దగ్గరికి రాలేదు. సన్యాసమ్మ ఆ డొక్కుల్ని రోజూ తుడిచేది. తీసెయ్యమని మళ్ళీ ఒక్కసారి కూడా అనలేదు. ఒకనాడు నాకు కాఫీ ఇచ్చి, గోడకు ఆనుకుని నిలబడి అంది. "మొకం గుర్తుంది మాస్టారూ, ఫొటోలున్నాయి. గొంతే గుర్తు రావట్లా. పోయిన సంవత్సరం దాకా వినపడేది. ఇప్పుడు ఎంత తలుచుకున్నా మాట రావట్లేదండి." కాఫీ తాగి వచ్చేశాను.

రెండువేల నాలుగులో మా కాలేజీలో పాత ప్రింటరుకు ఒక వైరు కావాల్సి వచ్చింది. అది ఎవరికిచ్చానో నోటుబుక్కులో ఉంటుందన్నాడు కాశీరావు. "మీరే చూడండి మాస్టారూ. ఆ రాత నేను చూడలేను." పేజీలు తిప్పుతుంటే ఫోర్ ఎయిటీ సిక్స్ పేజీ వచ్చింది. గుండ్రటి అక్షరాలు. "హనుమాన్ జంక్షన్ దుర్గా బాబాయికి ఇచ్చాం. అన్నీ చెరిపాను. నా చేపల పాట చెరపలేదు. లోపల దాచాను. నాన్నకి తెలీదు."

పుస్తకం అతని ముందు పెట్టాను. నాలుగుసార్లు చదివాడు. తర్వాత లోపలికెళ్ళి సన్యాసమ్మకు చదివి వినిపించాడు. ఆవిడ ఏడవలేదు. "ఎప్పుడు తెస్తావయ్యా?" అని మాత్రం అడిగింది.

"ఫోను మీరు చెయ్యండి మాస్టారూ, నాకు మాట పెగలదు," అన్నాడు కాశీరావు. "ఎందుకో మాత్రం చెప్పొద్దండి. దుర్గ మంచోడే, కానీ తెలిస్తే ఆగలేడు. ముందు ఆడే పెట్టి వినేస్తాడు. పాప గొంతు ముందు ఆళ్ళమ్మ వినాల."

కాలేజీ ఆఫీసులోంచి ఫోను చేశాను. ఆ పాత కంప్యూటరు గురువుగారు తిరిగి అడుగుతున్నారు, ఉందా అన్నాను. అవతల దుర్గాప్రసాద్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఉందండీ! బీరువాలో భద్రంగా దాచుకున్నాను. గురువుగారు మళ్ళీ మొదలెట్టారా మాస్టారూ? రెండేళ్ళ నుంచీ ఆయన్నలా చూడలేక అటు రావడమే మానేశానండీ. ఆయన రానక్కర్లేదు, ఆదివారం నేనే తెస్తాను. అంతా పద్ధతి ప్రకారం తెస్తానని చెప్పండి!"

పద్ధతి ప్రకారం అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది. నేను చదువుకున్నవాణ్ణి, ఆ పద్ధతేమిటో నాకు తెలుసు. సరే, సంతోషం అని ఫోను పెట్టేశాను. ఈ రోజుకూ ఆ సంగతి తలుచుకుంటే నన్ను నేను చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఇల్లు కడిగి ఉంది. సన్యాసమ్మ తలంటు పోసుకుని ఇస్త్రీ చీర కట్టుకుంది. కాశీరావు ల్యాబులోంచి స్పీకర్లు అడిగి తెచ్చి, వైర్లు సరిచూసుకుంటూ కూర్చున్నాడు. పది గంటలకు దుర్గాప్రసాద్ దుప్పట్లో చుట్టిన పెట్టెను పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. దుప్పటి విప్పాడు. పెట్టె నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

"మూడుసార్లు కాదు గురువుగారూ, ఏడుసార్లు రాశాను సున్నాలు," అన్నాడు మొహం చాటంత చేసుకుని. "నిన్న పొద్దున మొదలెడితే సాయంత్రమైంది. మీ దగ్గరికి వచ్చేది ఎంత శుభ్రంగా ఉండాలండీ!"

కాశీరావు చేతిలో స్పీకరు వైరు అలాగే ఉంది. నేను ఏదో అనబోయాను. అతను నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"బాగా చేశావు దుర్గా," అన్నాడు. "కూర్చో. భోంచేసి వెళ్దువుగాని."

సన్యాసమ్మకు సున్నాల సంగతి తెలియదు. పరాయివాడి ముందు ఎందుకులే, అతను వెళ్ళాక కాశీరావు పాట పెడతాడనుకుంది కాబోలు, కొసరి కొసరి వడ్డించింది. దుర్గాప్రసాద్ కడుపునిండా తిని, గురువుగారు మునుపట్లా ఉన్నారని నా చెవిలో చెప్పి మురిసిపోయాడు.

బస్టాండు దాకా ఇద్దరం వెళ్ళి బస్సెక్కించాం. బస్సు కదలగానే నేను ఆగలేకపోయాను. "ఏమీ చెయ్యలేమా కాశీ? హైదరాబాదులో ఎవరన్నా..."

"నేను నేర్పిన పనండి. ఏమీ మిగలదు."

"పోనీ వాడికన్నా చెప్పాల్సింది కదయ్యా!"

"చెబితే ఆడు జన్మలో నిద్రపోడండి. నా మీద గౌరవం కొద్దీ చేశాడు. ఏమంటాం?"

తిరిగి వచ్చేసరికి సన్యాసమ్మ వీధివైపు కిటికీలు మూసేసింది. ఫ్యాను చప్పుడుకు సరిగా వినపడదేమోనని అదీ ఆపేసింది. ఆ ఉక్కలో, స్పీకర్లకు ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఎల్లాడుగా, ఇంక పెట్టయ్యా," అంది.

కాశీరావు ఆమె పక్కన చతికిలబడ్డాడు. "లేదే. చెరిపేశారు," అన్నాడు.

ఆవిడ అతని వైపూ, నా వైపూ చూసింది. "ఎవరు?"

"నేనే," అన్నాడు కాశీరావు.

నేను అక్కడే ఉన్నాను. 'కాదు, ఆ రోజు ఫోనులో తుడవొద్దని ఒక్క మాట చెప్పనివాణ్ణి నేను' అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.