షాహీన్ కొలిచిన తోకచుక్క

నిన్న పొద్దున షాహీన్ తమ్ముడు ఫోన్ చేశాడు.

"సరితక్కా, ఆపా ఇగ లేదు. క్లాసులనే కుప్పకూలింది."

మొన్నే కదా మాట్లాడింది!

దుఃఖం ఇంకా బయటికి రాలేదు. ముందు కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను.

మా సర్కిల్‌లో చాలామందికి షాహీన్ అంటే భైంసాలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మేడమ్. నాకు యూనివర్సిటీ రూమ్మేట్. తను రీసెర్చ్ స్కాలర్. సూర్యుడి దగ్గరికి వచ్చే తోకచుక్కలు ఎంత వెలుగుతున్నాయి, ఏ గ్యాస్ ఎంత వదులుతున్నాయి అని కొలిచేది. అదే తన థీసిస్.

ఒక ఏడు పెద్ద తోకచుక్క వస్తోందని పేపర్లన్నీ రాశాయి. పొద్దు గుంకాక కాసేపే కనిపిస్తుంది, అదీ నేలకు ఆనినట్టు. సిటీలో బిల్డింగులు అడ్డం. అందుకని టెలిస్కోప్ మోసుకుని చెన్నూరు, మా ఇంటికి వచ్చాం. రోజూ సాయంత్రం గోదావరి ఒడ్డుకు పోయేవాళ్లం.

తను ఒక ఫిల్టర్ పెట్టేది. అది గ్యాస్ వెలుగును మాత్రమే లోపలికి రానిస్తుంది. ఫొటో తీసి, పక్కనున్న నక్షత్రంతో పోల్చేది.

మా బాపు ఒడ్డున కూర్చుని నవ్వేవాడు. "తోకచుక్కను జూస్తెనే అరిష్టమంటరు బిడ్డా, మీరు దాని ఎంబడి వడి కొలుస్తున్రు?"

"అరిష్టం మనకు గాదు బాపూ, దానికే. సూర్యుని దగ్గరికి పోతుంది పాపం!" అనేది షాహీన్.

ఆ మాట అన్న రెండు మూడు రోజులకే తన ముఖంలో నవ్వు పోయింది.

"సరితా, దగ్గరికి పోయిన కొద్దీ మంచు కరిగి గ్యాస్ పెరగాలె. గిది తగ్గుతుందే. లోపల ఏం మిగుల్తలేదు. సూర్యుని దాటి రాదిది, పగిలిపోతది."

మళ్లీ మళ్లీ కొలిచింది. తగ్గుతూనే ఉంది.

ఆ గ్రాఫ్, ఫొటోలు తీసుకుని గైడ్ సార్ రూమ్‌కి పోయాం. ఆయన అప్పటికే టీవీల్లో "పట్టపగలే కనిపిస్తుంది, చూడండి" అని ఊరించేశాడు.

గ్రాఫ్ వైపు సరిగ్గా చూడను కూడా లేదు.

"భైంసా నుంచి వచ్చి నాకే పాఠాలు చెప్తున్నావా? ముందు నీ ఫిల్టర్ మీద దుమ్ము తుడుచుకో."

రూమ్‌లో ఉన్న జూనియర్లు నవ్వారు. షాహీన్ గ్రాఫ్, ఫొటోలు టేబుల్ మీద పెట్టి వచ్చేసింది.

తోకచుక్క సూర్యుడి వెనక్కి పోయింది. తిరిగి రాలేదు. వచ్చింది కాస్త దుమ్ము, అంతే.

హాస్టల్ మెస్‌లో టీవీ పెట్టి ఉంది. అందులో సార్. "ఇది పగిలిపోతుందని మేము ముందే గుర్తించాం" అంటున్నాడు. స్క్రీన్ మీద షాహీన్ గ్రాఫ్. కింద పేరు ఆయనది.

మర్నాడు సెమినార్‌లో ఆయన మా గోదావరి ఒడ్డు ఫొటోలే చూపిస్తుంటే అందరి ముందు షాహీన్ లేచి నిలబడింది. "సార్, ఈ ఫొటోలు ఎక్కడ నిలబడి తీసిన్రు?"

ఆయన తలుపు వైపు వేలు చూపించాడు. "గెటౌట్" అన్నాడు.

తర్వాత షాహీన్‌కు గైడ్‌గా ఉండనన్నాడు. ఇంకెవరూ తీసుకోకుండా చూసుకున్నాడు. థీసిస్ అక్కడే ఆగింది. తను భైంసా తిరిగి వచ్చేసింది.

కానీ కొలవడం మానలేదు. మిద్దె మీద అదే టెలిస్కోప్. వచ్చిన ప్రతి తోకచుక్కనూ కొలిచి, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఇదే పని చేసేవాళ్లకు తన పేరుతో పంపేది. "ఆయన పేరు మీద ఒక్క కొత్త కొలతుందా చూపియ్యి?" అని నవ్వేది. అదే తన పగ.

నా పగ అంత మర్యాదగా ఉండదు.

ఇవాళ పొద్దున ఆ సార్ పోస్ట్ పెట్టాడు. "నా ప్రియ శిష్యురాలు, నేను చెక్కిన శిల్పం" అట! కింద వందల దండాలు. పైగా నాకు ఫోన్. రేపు షాహీన్ కాలేజీలో నేను పెట్టిస్తున్న సంతాప సభకు వస్తాడట, రెండు మాటలు మాట్లాడతాడట.

షాహీన్ వాళ్ల అమ్మీని అడిగాను. కళ్లు తుడుచుకుని చెప్పింది:

"రానియ్యి బేటీ. కుర్చీ ఎయ్యి, చాయ్ ఇయ్యి. మైక్ మాత్రం ఇయ్యకు. నా బిడ్డ నోరు మూసినోనికి మైకెందుకు?"

విన్నారు కదా సార్? రండి. ముందు వరుసలోనే కుర్చీ వేయిస్తాను. మైక్ నా చేతిలో ఉంటుంది. ఈ పోస్టులో రాసిందంతా మీ ముఖం చూస్తూ చదువుతాను. ఇక్కడ రాయని మీ పేరు కూడా అక్కడ ఉంటుంది.

షాహీన్, నువ్వు నెమ్మదిగా నిద్రపోవే. అల్లా నీకు చల్లని చోటివ్వాలి.

ఆయనకు మాత్రం ఈ రాత్రి నుంచి నిద్ర పట్టకూడదు.