ఇంజను నీళ్ళు తాగేంతసేపు

మా అత్త పోయిందన్న కబురు కూడా రైల్లోనే వచ్చింది. వాళ్ళ ఊరి స్టేషన్ మాస్టరు గార్డుకు చెబితే, గార్డు నాయుడుపేటలో మా నాయనకు చెప్పి పంపాడట. నాయన వెంటనే నెల్లూరు బండెక్కి, నేనుండే హాస్టల్‌కు వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. భుజం మీది తుండు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అక్క పోయిందమ్మా" అన్నాడు.

అత్త ఊరు నాయుడుపేటకూ గూడూరుకూ మధ్య ఉంది. అంటే నాయన ఆ ఊరు దాటుకునే నా దగ్గరికి వచ్చాడు. ఎందుకు దిగలేదని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"నువ్వు లేకుండా ఆ ఊళ్ళో ఎట్టా దిగేదమ్మా!"

ఈ మాట మీకు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా నాయన పాలు మరవకముందే మా నాయనమ్మ చనిపోయింది. ఆయన్ని చంకనేసుకుని పెంచింది అత్తే. అత్తకు చిన్నప్పుడే పెళ్ళయింది, చిన్నప్పుడే భర్త పోయాడు. పుట్టింట్లోనే ఉండి, తమ్ముడు పెద్దవాడై మడక పట్టి దున్నేదాకా చూసి, ఆ తర్వాత ఒక మిషన్ బడి ఉపాధ్యాయుణ్ణి పెళ్ళి చేసుకుని ఆయన ఊరికి వెళ్ళిపోయింది. ఆయన క్రైస్తవుడు. ఊరంతా నాలుగు మాటలు అంది. కుర్రతనంలో ఉన్న మా నాయన నలుగురిలో నిలబడి ఒట్టు వేశాడు. అక్క ఊరి నేల మీద కాలు పెట్టననీ, అక్కతో మాట్లాడననీ.

మా పల్లెల్లో ఒట్టంటే ఒట్టే. అయితే ప్రతి ఒట్టుకూ ఎక్కడో ఒక సందు ఉంటుంది. నేను ఆరో తరగతి నుంచి నెల్లూరులో చదువుకుంటున్నాను. సెలవులకు తీసుకురావడానికి, మళ్ళీ దిగబెట్టడానికి నాయన వచ్చేవాడు. దారిలో అత్త ఊరు. రైలు ఆ ఊరి నేల కాదు. కిటికీలోంచి చేయి చాపితే కాలు పెట్టినట్టు కాదు. నాతో మాట్లాడితే ఆమెతో మాట్లాడినట్టు కాదు. మా నాయన న్యాయం అది.

బొగ్గింజను ఉన్న రోజుల్లో ఆ స్టేషన్‌లో మన ప్యాసింజరు చాలాసేపు ఆగేది. మీలో ఆ బండెక్కినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండంలా వంగిన ఇనుప గొట్టం ఉండేది. ఇంజను సరిగ్గా దాని కింద ఆగేది. ఫైర్‌మన్ పైకెక్కి తొండాన్ని తిప్పి వదిలితే నీళ్ళు హోరుమని పడేవి. జనం దిగి ముఖాలు కడుక్కునేవాళ్ళు, కూజాలు నింపుకునేవాళ్ళు, వేపపుల్లలు నమిలేవాళ్ళు, ఎవరో ఒకరు పోట్లాడుకునేవాళ్ళు. బండిలో ఒక్క మా నాయన మాత్రం బల్లకు అంటుకుపోయినట్టు కూర్చునేవాడు.

అత్త కిటికీ దగ్గరికి వచ్చేది. మా పెట్టె ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలుసు. తెల్లచీర, చేతిలో టిఫిన్ క్యారియర్. అందులో మామిడికాయ వేసిన బొమ్మిడాయిల పులుసు. వాసనకు పెట్టెలో సగంమంది తలలు తిప్పేవాళ్ళు.

"మీ అత్తనడుగు, మోకాళ్ళ నొప్పి ఎట్టుందో" అనేవాడు నాయన, ఎదుటి బల్ల వైపు చూస్తూ.

"అత్తా, నీ మోకాళ్ళ నొప్పి ఎట్టుందని నాయన అడగతన్నాడు."

"తగ్గిందని చెప్పు. చెప్పుల్లేకుండా పొలంలో తిరగబాకని చెప్పు."

"నాయనా, చెప్పుల్లేకుండా..."

"ఊఁ."

వాళ్ళిద్దరి మధ్యా జానెడు దూరం ఉండేది. ఆ జానెడు దూరం నేను మాటలు మోసేదాన్ని. ఒకసారి చేపల గంప ముందు పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్న ఒకామె ఉండబట్టలేక అనేసింది.

"ఏందయ్యా, ఇంత దూరంలో ఉండే నాకే ఇనపడతా ఉంది. పక్కనే ఉండావు, నీకు ఇనపడలా?"

"నాకు కొంచెం చెవుడులేమ్మా" అన్నాడు నాయన.

బయటినుంచి అత్త అందుకుంది. "చెవుడేం లేదు తల్లీ! ఆ చెవులు నేనే కుట్టించినా. రెండూ బాగానే ఉండాయి. మొండితనమే, చిన్నప్పట్నుంచీ ఇంతే."

పెట్టె పెట్టెంతా నవ్వింది. నాయన తుండుతో మూతి తుడుచుకున్నాడు. తుండు కింద ఆయన కూడా నవ్వుతున్నాడని నేను చూశాను.

ఖాళీ గిన్నె తిరిగివ్వడం మాలో లేదు. అత్త పులుసు పంపిన క్యారియర్‌ను కడిగి, అందులో మా పొలంలో పండిన మొలగొలుకుల బియ్యం నింపి, తర్వాతి ప్రయాణంలో ఇచ్చేవాళ్ళం. ఒకసారి నాయన "బియ్యం తీసుకోమను" అన్నాడు, అంతే. నాకప్పుడే పద్యాల రుచి పట్టుకుంది. "అత్తా, ఈ ఏటి బియ్యం మల్లెమొగ్గల్లా ఉన్నాయి, నీకోసమే నాయన గింజ గింజా ఏరి తెచ్చాడు" అన్నాను.

అత్త నా ముఖంలోకి చూసి పడీపడీ నవ్వింది. "ఇది మీ నాయన మాట కాదు. వాడికింత తెలుగు రాదు." తర్వాత నా బుగ్గ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా చెప్పింది. "మాట మోయడం నీళ్ళు మోయడం లాంటిదమ్మా. ఒలకబోయబాక, ఏమీ కలపబాక."

ఇప్పుడు నేను వ్యాసం రాసి కొట్టివేసే ప్రతి పంక్తి దగ్గరా ఆ మాటే వినబడుతుంది.

మామయ్య పోయాక అత్త ఒంటరిదైంది. పిల్లలు లేరు. సెలవుల రోజులు చూసుకుంటూ, బండి కూతకు చెవి పెట్టుకుని ఉండేదని తర్వాత తెలిసింది. ఒకసారి నాయన అవతలి కిటికీలో కాఫీ కోసం పిలుస్తున్నప్పుడు అత్త నాతో గుసగుసగా అంది. "వాడు దిగకపోయినా ఫరవాలేదు. ఒక్కసారి 'అక్కా' అంటే చాలమ్మా నాకు." అంతలో ఇంజను కూసింది. అత్త ఒక అడుగు వెనక్కి వేసి ఎప్పుడూ అనే మాటే అంది. "దాని దాహం తీరిపోయింది. మన టైము అయిపోయింది."

తర్వాత ఈ వేసవి సెలవుల్లో డీసెల్ ఇంజను వచ్చింది. మొదటిరోజు నాయుడుపేటలో జనం దానికి బొట్టు పెట్టి దండ వేశారు. పొగ లేదు, కళ్ళల్లో బొగ్గు నుసి పడదు, తెల్లచొక్కా తెల్లగానే దిగుతుంది. గంట పట్టే దారి ముప్పావులో అయిపోతుందని అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. దానికి దాహం వేయదన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

ఇప్పుడు బండి ఆ స్టేషన్‌లో ఆగీ ఆగనట్టు ఆగుతుంది. ఎవరూ ముఖం కడుక్కోరు. దిగేవాళ్ళు మూటలు ముందే తలుపు దగ్గర పెట్టుకుంటారు. పక్కవాళ్ళ ఊరేదో తెలిసేలోగా మన ఊరు వచ్చేస్తుంది. మిగిలిన సమయాన్ని ఏం చేసుకోవాలో నాకు ఇంతవరకూ తెలియలేదు. హాస్టల్ గేటు తీసేది సాయంత్రమే. తొందరగా చేరినందుకు, నాయన తిరుగు బండికి వెళ్ళిపోయాక, ఆ గేటు ముందు ట్రంకుపెట్టె మీద ఒక్కదాన్నే కూర్చుంటాను.

ఈ వేసవి సెలవులయ్యాక నాయన, నేను ఆ డీసెల్ బండిలోనే బయల్దేరాం. బియ్యం నింపిన క్యారియర్ నా ఒళ్ళో ఉంది. డీసెల్ ఇంజనుకు తొండం కింద ఆగవలసిన పని లేదు కదా, అది చాలా ముందుకు వెళ్ళి ఆగింది. అత్త మాత్రం పాత చోటే నిలబడి ఉంది. మా పెట్టె తనను దాటిపోవడం చూసింది. చేతిలో ఇంకో క్యారియర్‌తో పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆ మోకాళ్ళతో, ఆ వయసులో. కిటికీలన్నీ వెతుక్కుంటూ వస్తోంది. ఇంకా రెండు పెట్టెల దూరం ఉందనగా ఇంజను బూర ఊదినట్టు అరిచింది. బండి కదిలింది.

నేను పిలవబోయేలోగా, నాయన నన్ను పక్కకు నెట్టి సగం ఒళ్ళు కిటికీ బయట పెట్టాడు.

"అక్కా! పరిగెత్తబాక! అక్కా, పడతావు!"

అత్త అక్కడికక్కడే ఆగిపోయింది. క్యారియర్ గుండెకు ఆనించుకుని, ఖాళీ ప్లాట్‌ఫారం మధ్య నిలబడిపోయింది. అంత దూరం నుంచి ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆ స్టేషన్ కనుమరుగయ్యేదాకా నాయన తల లోపలికి తీయలేదు. కూర్చున్నాక కళ్ళు తుడుచుకుంటూ "నుసి పడింది" అన్నాడు. డీసెల్ బండిలో నుసి ఎక్కడిది?

గూడూరు దాటాక ఆయనే అన్నాడు. "ఒట్టు ఎట్టాగూ పోయిందిలే. దసరా సెలవులకు దిగుదాం."

దసరాకు ముందే అత్త వెళ్ళిపోయింది.

హాస్టల్ నుంచి నన్ను వెంటబెట్టుకుని నాయన ఆ సాయంత్రం బండికి అక్కడ దిగాడు. మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, కొత్త ఇంట్లోకి వెళ్ళేటట్టు కుడికాలు ముందు దించాడు. చేతిలో అప్పుడు ఇవ్వలేకపోయిన బియ్యం క్యారియర్. వీధిలో ఆడవాళ్ళు మమ్మల్ని చూసి దారిచ్చారు. "బండి తమ్ముడు వచ్చినాడు" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆ ఊళ్ళో మా నాయనకు ఆ పేరుందని మాకు అప్పుడే తెలిసింది.

పొరుగింటామె నాయన ముందుకు వచ్చి కళ్ళొత్తుకుంది. "మొన్న ఎండాకాలంలో బండి దగ్గర్నుంచి వచ్చి, ఆ పులుసు వీధంతా పంచిందయ్యా. ఏంది విశేషమంటే, 'మా తమ్ముడు పలికినాడు, తినండి' అనింది. రెండుసార్లు పలికినాడని ప్రతి ఇంటికీ పోయి చెప్పింది."

నాయన క్యారియర్‌ను గడప లోపల, గోడ వారగా పెట్టాడు. చర్చి సంఘ పెద్ద ప్రార్థన చేస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సమాధుల తోటలో అందరితోపాటు గుప్పెడు మట్టి వేశాడు. ఆ ఇసుక నేల మట్టి చేతికి అంటుకోలేదు, జారిపోయింది.

మూడోరోజు ప్రార్థన కూడా అయ్యాక నన్ను నెల్లూరులో దిగబెట్టి, సామాను సర్దించి, నాయన ఒక్కడే ఇంటికి వెళ్ళిపోయాడు. దసరా సెలవులకు మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాడు. సెలవులయ్యాక, పోయిన వారం, ఇద్దరం మళ్ళీ అదే బండిలో నెల్లూరుకు బయల్దేరాం. పెట్టెలో జనం పలచగా ఉన్నారు. సముద్రం వైపునుంచి గాలి వీస్తోంది. అత్త ఊరు వచ్చింది. తొండం అలాగే వంగి ఉంది. దాని కింద నేల ఎండిపోయి పగుళ్ళు బారింది. బండి ఆగింది. కిటికీ దగ్గరికి ఎవరూ రాలేదు.

నాయన ఎదుటి బల్ల వైపు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూనే, "మీ అత్తనడుగు..." అన్నాడు. అని, ఆగిపోయాడు.

నేను కిటికీ వైపు తిరిగాను. ఆయన ఎప్పుడూ అడిగే మాటనే, ఒలకబోయకుండా, ఏమీ కలపకుండా అడిగాను.

"అత్తా, నీ మోకాళ్ళ నొప్పి ఎట్టుందని నాయన అడగతన్నాడు."

బండి కదిలింది. నాయన తల కొంచెం పక్కకు వంచి, ఆమె కుట్టించిన చెవిని కిటికీ వైపు పెట్టి, ఎప్పటిలాగే నేను జవాబు చెప్పేదాకా ఆగి ఉన్నాడు.