తలుపు మీద కుట్టిన బొంతలు

మా పక్కింటి వదిన పోయిన నెల కన్నుమూసింది. ఆమె లేకపోగానే ఆమె కుట్టు మిషను కూడా పాడైందని మా కృష్ణానగర్ గల్లీలో మాట పుట్టింది. అది అబద్ధం. నాకు అక్షరం రాదు, అందుకే చెప్పి రాయిస్తున్నాను.

వదిన కోస్తా నుంచి వచ్చి సినిమావాళ్ల దుస్తులు కుట్టేది. ఇంట్లో ఉంటే పాత చీరలతో బొంతలు. విప్పేసిన సెట్టులోంచి రాజమహల్ తలుపొకటి తెచ్చి, మిషను పట్టేంత కన్నం కోయించి, దాని చుట్టూ పరిచింది. మిషనూ తలుపూ ఒకే మట్టం. బట్ట జారడానికి పైన మైనం రుద్దేది.

"తలుపు పరుచుకున్నవ్, ఇగ మహారాణివే!" అని నవ్వాను.

ఆ పొగరుతోనే నా మిషనుకున్న ఉత్త చిన్నబల్ల మీదే బొంత మొదలుపెట్టాను. సగం నేలకు వేలాడింది. కుట్లు ఒక్కచోటే కుప్పపడ్డాయి. కోపమొచ్చి గుంజితే సూది విరిగింది.

"బర్రెని లాగినట్టు లాగుతారేంటి వదినా?" అంది ఆమె, వచ్చి చూసి. తనూ నన్ను వదినా అనే పిలిచేది.

"గుంజకుంటే గది ముంగటికెట్ల పోతది?"

"బట్టని మిషనే తీసుకుంటుందండి. మనం బరువు మోస్తే చాలు."

ఆ రోజే రెండు పక్కలా చుట్టచుట్టి, నడిమి నుంచి కుట్టడం నేర్పింది. ఆమె దగ్గర కూర్చుంటే నాలాంటి తొందరదానికి కూడా చెయ్యి నెమ్మదించేది. ఇప్పుడు ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను.

ఆమె కూతురిది హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. మిషనునూ, తల్లి సగం కుట్టిన బొంతనూ షేక్‌పేటలోని తన ఫ్లాటుకు తీసుకెళ్లింది. మొన్న ఏడుస్తూ వచ్చింది.

"కుట్లు ముద్దకట్టేస్తున్నాయి అత్తా. మిషను పాడైంది, ఎవరికైనా ఇచ్చేస్తాను. అమ్మ బొంత ఇక అంతే."

"మిషన్‌కేం రోగం లేదు బిడ్డా. తలుపేది?"

"పాతసామాన్లతనికి ఇచ్చేశాను. చెక్కే కదా అని."

"మీ అమ్మ నడుము గా చెక్క మీదనే నిలబడ్డది. గట్లెట్ల పారేస్తివే?"

తిట్టినంతసేపు తిట్టి, ఆమెతోనే ఆటో ఎక్కాను. అన్నం తినే బల్లను జరిపి మిషను వెనక ఆనించాం. ఎడమ పక్క ఆనించడానికి ఏమీ దొరకలేదు. బొంత చుట్టను ఎత్తి నా భుజాన వేసుకున్నాను.

"అత్తా, నొప్పెడుతుందేమో..."

"తొక్కవే నువ్వు!"

తొక్కింది. కుట్లు వరుసగా పడ్డాయి. భుజం మీది బొంత జానెడు జానెడుగా విప్పి వదులుతున్నాను. వదిన పసుపుపచ్చ చీర ముక్క నా మెడ రాసుకుంటూ, మెల్లగా సూది వైపు జారిపోతోంది.