పాప బుగ్గ మీద గుంట

నాగూర్ బాషాతో పని పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. తెనాలిలో నా ఫొటో స్టూడియో పక్కనే అతని కొయ్యపని దుకాణం. తలుపుల మీద లతలు, పువ్వులు, మామిడి పిందెలు ఎంత నాజూకుగానైనా చెక్కుతాడు. మొహం మాత్రం చెక్కడు. "ప్రాణమున్నదాన్ని చెక్కకూడదండి, మా నాన్న మాట" అంటాడు.

2009 ఎండాకాలంలో భట్టిప్రోలు నుంచి ఆదిలక్ష్మి వచ్చింది. ఆమె కూతురు నాగజ్యోతికి ఉయ్యాల చేసింది బాషాయే. ఆ పాప రెండేళ్లు నిండకుండానే జ్వరంతో పోయింది. ఇన్నేళ్లకు చక్కెర జబ్బుతో ఆదిలక్ష్మికి రెండు కళ్లూ పోయాయి. పాపది మిగిలింది ఒకే ఒక్క ఫొటో, అదీ చూసుకునే రాత లేకపోయింది.

"ఉయ్యాల చేసిన చెయ్యి కదా అన్నయ్యా, దాని మొహం చేసిపెట్టు. తడిమి చూసుకుంటాను" అంది.

కాదనలేడు, చెక్కలేడు. మూడు రోజులు నా బుర్ర తిన్నాడు. ఫొటోను బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చిందనీ, వడ్లమూడి వైపు ఒకాయన దగ్గర ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పోసే మిషను ఉందనీ నేనే నోరు జారాను.

"అయితే చేసేది మిషనేగా ప్రకాశరావుగారూ, నేను కాదుగా!" అని ఎగిరి గంతేశాడు.

కంప్యూటరు నాది, కరెంటు నాది, తిట్లు కూడా నాకే. మొదటి బొమ్మ చూసి ఇద్దరం హడలిపోయాం. కళ్లున్నచోట గోతులు. జుట్టు లోపలికి కుంగిపోయింది, తలలో మల్లెపూలు కొమ్ముల్లా పొడుచుకొచ్చాయి. బుగ్గ మీద వేలు పట్టేంత గుంట.

"పసిబిడ్డని ఇట్టా చేశారేంటండి!" అని నా మీద పడ్డాడు. ఆడలేక మద్దెల ఓడంటారని నోరు మూసుకున్నాను గానీ, ఈ మద్దెల నిజంగానే ఓటిది.

నాలుగు బొమ్మలు చెడ్డాక తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు నలుపంటే లోతు, తెలుపంటే ఎత్తు. పాప బుగ్గ మీది దిష్టి చుక్కంటే ఏమిటో ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకేం తెలుసు! విసుగెత్తి నేనే ఫొటోలో కళ్లూ జుట్టూ తేలికపరిచి, మల్లెల తెలుపు తగ్గించి, చుక్కను పూర్తిగా చెరిపేశాను. ఐదో బొమ్మ ముద్దుగా వచ్చింది. పీడా విరగడైందనుకున్నాను.

కబురందుకుని వచ్చిన ఆదిలక్ష్మి బాషా దుకాణంలో కూర్చుని బొమ్మను ఒళ్లో పెట్టుకుంది. ఆమె వేళ్లు నుదురు, ముక్కు, గడ్డం మీదుగా ఎడమ బుగ్గకు వచ్చి ఆగాయి. కుడి బుగ్గ తడిమి, మళ్లీ ఎడమకు వచ్చాయి.

"ఇది మా జ్యోతి కాదన్నయ్యా."

బాషా నన్ను కొరకొరా చూశాడు.

"ఫొటో నాడు కాటుక చుక్క నేనే పెట్టాను. మరీ అంత పెద్దదా అని మా ఆయన నవ్వాడు కూడా. అదేది?"

నెల రోజులుగా తిట్టుకుని, నా చేత్తో నేను చెరిపేసిన చుక్క అది. నాకు సిగ్గేసింది. బాషా లోపలికి వెళ్లి సన్న ఉలి తెచ్చాడు.

"చుక్కే కదండి" అని నాకు వినపడేట్టు గొణిగాడు. బుగ్గ మీద చిన్న గుంట తొలిచి, బొమ్మను ఆమె చేతికిచ్చాడు.

ఆమె చూపుడువేలు ఆ గుంటను వెతికి పట్టుకుంది. కళ్ల నీళ్లు బొమ్మ మీద పడ్డాయి.

"ఇంకొంచెం పెద్దదన్నయ్యా" అంది.

బాషా మళ్లీ ఉలి అందుకున్నాడు.